శీతల శోధకుడు కామర్లింగ్ ఒన్నెస్

ఎండాకాలంలో ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డను తెచ్చేవాళ్ళు దానిని రంపపు పొట్టులో పొదిగి, పైన గోనెపట్టా కప్పుతారు. అంత జాగ్రత్త పడినా ఇల్లు చేరేసరికి గోనె అడుగు నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. వేడి ఎక్కడో ఒక సందు చూసుకొని లోపలికి దూరుతుంది. నిప్పును కాపాడడం కన్నా చలిని కాపాడడం కష్టం. ఐసుగడ్డ చల్లదనం సున్నా డిగ్రీలు. అంతకంటే 269 డిగ్రీలు కిందికి దిగి, అక్కడి చలిని ఒక గాజుపాత్రలో నిలిపినవాడు హైకె కామర్లింగ్ ఒన్నెస్.

ఆయన 1853 సెప్టెంబరు 21న హాలెండు దేశంలోని గ్రోనింగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రికి ఇటుక పెంకుల కర్మాగారం ఉండేది. ఇంట్లో క్రమశిక్షణ ఎక్కువ. చదువన్నా, పని అన్నా గౌరవం ఉన్న కుటుంబం. 1870లో ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో చేరిన హైకె, మరుసటి ఏడాదే ఒక వ్యాసపోటీలో బంగారు పతకం గెలుచుకున్నాడు. ఆవిరుల సాంద్రతను కొలిచే పద్ధతులు ఆ వ్యాసానికి విషయం. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. తరువాత జర్మనీలోని హైడెల్బర్గు వెళ్ళి బున్సెన్, కిర్కాఫ్ వంటి మహాశాస్త్రజ్ఞుల వద్ద రెండేళ్ళు చదువుకున్నాడు. తిరిగి వచ్చి, భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని లోలకంతో నిరూపించే కొత్త మార్గాల మీద పరిశోధన చేసి 1879లో డాక్టరు పట్టం పొందాడు.

1882లో ఇరవైతొమ్మిదేళ్ళ వయసులో లైడెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆచార్యపదవి స్వీకరించిన రోజున చేసిన ప్రసంగంలో తన దారి ఏదో స్పష్టం చేశాడు. కొలతలేనిదే జ్ఞానం లేదని ఆయన నమ్మకం. ప్రతి ప్రయోగశాల గుమ్మం మీదా ఆ మాట రాసి ఉంచాలని ఆయన కోరుకున్నాడు.

ఆ రోజులలో హాలెండులోనే వాన్ డెర్ వాల్స్ అనే శాస్త్రవేత్త వాయువుల స్వభావం గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. అది నిజమైతే ఏ వాయువునైనా తగినంత చల్లబరిచి ద్రవంగా మార్చవచ్చు. సిద్ధాంతం నిజమో కాదో తేలాలంటే వాయువులను చాలా తక్కువ ఉష్ణోగ్రతలలో కొలిచి చూడాలి. అంత చలి ఎక్కడ నుంచి తేవాలి? కొనడానికి దొరికేది కాదు. అందుకని ఒన్నెస్ చలిని తయారుచేసే కర్మాగారమే కట్టాడు.

దీనికి ఆయన ఎన్నుకొన్న పద్ధతి మెట్లు దిగడం వంటిది. ఒక వాయువును ఒత్తిడితో ద్రవంగా మార్చి, దానిని ఆవిరి కానిస్తే చలి పుడుతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే. ఆ చలితో రెండో వాయువును ద్రవంగా మార్చాలి. దాని చలితో మూడోదాన్ని. 1890 తరువాతి ఏళ్ళలో ఇలా ఒక్కొక్క మెట్టే దిగుతూ లైడెన్‌లో గంటకు 14 లీటర్ల ద్రవవాయువును తయారుచేయగలిగారు. దాని ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 190 డిగ్రీలు కింద.

అంతలో ఊరు అడ్డుపడింది. 1807లో లైడెన్ నడిబొడ్డున కాలువలో ఆగిన తుపాకిమందు పడవ పేలి, పెద్ద పేట నేలమట్టమైంది. ఎందరో చనిపోయారు. ఆ పాడుబడ్డ చోటనే తరువాత ప్రయోగశాల కట్టారు. అక్కడ ఒత్తిడిలో ఉన్న వాయువులను నిలవ చేస్తున్నారని తెలిసేసరికి 1895లో పట్టణ పాలకులకు పాత భయం తిరగబెట్టింది. పని ఆపవలసివచ్చింది. విచారణ సంఘం వేశారు. అందులో వాన్ డెర్ వాల్స్ కూడా ఉన్నాడు. ప్రమాదం లేదని సంఘం చెప్పినా అనుమతి చేతికి వచ్చేసరికి 1898 అయింది. ఆ ఏడాదే లండనులో జేమ్స్ డ్యూవర్ హైడ్రోజనును ద్రవంగా మార్చాడు. మనం కాఫీ పోసుకొనే ఫ్లాస్కుకు మూలమైన రెండు గోడల గాజుపాత్రను కనిపెట్టినది ఈయనే. పందెంలో ఒన్నెస్ వెనకబడ్డాడు. అయినా ఊరివాళ్ళ భయాన్ని తప్పు పట్టలేం. తాతలు చూసిన మంటలు మనవళ్ళకు కథలుగా చెప్పి ఉంటారు కదా!

వెనకబడినవాడు తొందరపడలేదు. ఆ కాలంలో శాస్త్రజ్ఞులు చాలామంది తమ పరికరాలను తామే, లేదా ఒకరిద్దరు సహాయకులతో చేసుకొనేవారు. ఒన్నెస్ అలా కాక, 1901లో పరికరాల తయారీ నేర్పే ఒక బడిని ఏర్పాటు చేశాడు. చదువుకొంటూ పని నేర్చుకొనే కుర్రవాళ్ళు నీలిరంగు పైచొక్కాలు తొడుక్కొనేవారు. గాజు ఊదడం, లోహాన్ని చెక్కడం, సన్నని తీగలు అతకడం వాళ్ళ చదువు. గాజుపనిలో కెసెల్రింగ్, యంత్రాల పనిలో ఫ్లిమ్ అనే నిపుణులు ఆయనకు కుడి ఎడమ భుజాలు. ఒన్నెస్ ఆరోగ్యం చిన్ననాటి నుంచీ అంతంత మాత్రమే. ఊపిరితిత్తుల బలహీనత ఆయనను జీవితమంతా వేధించింది. కాని ప్రయోగశాలలో ఆయన మాటకు ఎదురులేదు. కుటుంబపెద్దలా ఆదరించేవాడు, కుటుంబపెద్దలాగే శాసించేవాడు.

1906లో లైడెన్ యంత్రం హైడ్రోజనును లీటర్ల కొద్దీ ద్రవంగా మార్చింది. అప్పటికి లొంగకుండా మిగిలినది హీలియం ఒక్కటే.

హీలియం కథలో మన తెలుగు నేల కూడా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దానిని పరిశీలించడానికి ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు పరిశీలనశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూస్తే అందులో ఒక పసుపుపచ్చని గీత ఉంది. అది భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందినది కాదని ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. అందుకే దానికి సూర్యుని పేరు వచ్చింది. భూమి మీద ఆ వాయువును రామ్సే 1895లో ఒక ఖనిజంలో కనుగొన్నాడు. ఒన్నెస్ తనకు కావలసిన హీలియంను మోనజైటు ఇసుక నుంచి తీశాడు. వాణిజ్యశాఖలో అధికారిగా ఉన్న ఆయన తమ్ముడు అమెరికా నుంచి ఆ ఇసుకను బస్తాల కొద్దీ తెప్పించి ఇచ్చాడు. తమిళనాడులో మణవాళకురిచ్చి వద్ద, ఒడిశాలో ఛత్రపురం వద్ద సముద్రపుటొడ్డున దొరికేది కూడా ఈ రకం ఇసుకే.

1908 జూలై 10. ఆ రోజు తెల్లవారుజామున ఆరు కాకముందే పని మొదలైంది. ముందు రోజే 75 లీటర్ల ద్రవవాయువును సిద్ధం చేసి పెట్టుకొన్నారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు 20 లీటర్ల ద్రవ హైడ్రోజను చేతికి వచ్చింది. దానిలోకి గాలి చొరబడితే గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. హీలియం వాయువు ఉన్నది కొద్దిగానే. ఒక్క పొరపాటు జరిగితే ఏళ్ళ శ్రమ వృథా. ఒన్నెస్ చేతులు ఖాళీ లేవు. భోజనవేళకు భార్య వచ్చి రొట్టెముక్కలు చిన్నచిన్నగా తుంచి ఆయన నోటికి అందించింది. సాయంత్రం నాలుగు దాటాక హీలియం గొట్టాలలో తిరగడం ప్రారంభమైంది. ఉష్ణోగ్రత దిగింది, దిగింది, ఒకచోట ఆగిపోయింది. పాత్రలో మాత్రం ఏమీ కనిపించలేదు. రాత్రి ఏడున్నర అవుతున్నది. ద్రవ హైడ్రోజను అయిపోవస్తున్నది. అప్పుడు చూడవచ్చిన ఒక తోటి ఆచార్యుడు పాత్ర కింది నుంచి దీపం చూపించమని సలహా ఇచ్చాడు. దీపం పెట్టగానే పాత్ర గోడను ఆనుకొని ద్రవం అంచు కత్తివాదరలా మెరిసింది. పాత్ర అంతకు ముందే దాదాపు నిండి ఉంది! నీటికంటే తేలికైన, రంగులేని ఆ ద్రవం మొత్తం 60 ఘనసెంటీమీటర్లు. మన టీ గ్లాసు కూడా నిండదు. దాని ఉష్ణోగ్రత సున్నాకు 269 డిగ్రీలు కింద. ఇంకొక నాలుగు డిగ్రీలు దిగితే పరమశూన్యం. అంతకు కింద ఇక చలి లేదు.

తరువాత పదిహేనేళ్ళ పాటు ప్రపంచంలో మరెక్కడా ద్రవ హీలియం తయారుకాలేదు. 1923లో కెనడాలోని టొరంటోలో తయారుచేసినవారికి కూడా లైడెన్ నమూనాలే ఆధారం.

అంత చలిలో పదార్థాలు ఎలా ఉంటాయి? ముఖ్యంగా లోహపు తీగలో కరెంటు ఎలా పోతుంది? కరెంటుకు తీగ కలిగించే అడ్డును నిరోధం అంటారు. ఇస్త్రీపెట్టె వేడెక్కేది నిరోధం వల్లనే. పరమశూన్యం దగ్గర ఎలక్ట్రాన్లు గడ్డకట్టి కరెంటు పూర్తిగా ఆగిపోతుందని కొందరు భావించారు. నిరోధం క్రమంగా తగ్గి సున్నా అవుతుందని మరికొందరు అనుకొన్నారు. ఒన్నెస్ ముందు ప్లాటినం, బంగారం తీగలను పరీక్షించాడు. వాటిలోని కల్మషం వల్ల కొంత నిరోధం ఎప్పటికీ మిగిలిపోతున్నది. కల్మషం లేని లోహం కావాలి. పాదరసాన్ని మళ్ళీమళ్ళీ బట్టీపట్టి శుద్ధి చేయవచ్చు. దానిని సన్నని గాజునాళాలలో నింపి గడ్డకట్టించారు.

1911 ఏప్రిల్ 8న ఒన్నెస్, ఫ్లిమ్ శీతల పాత్ర దగ్గర నిలబడ్డారు. హోల్స్ట్ అనే యువకుడు దూరంగా మరొక గదిలో కొలిచే పరికరం వద్ద కూర్చున్నాడు. పాదరసపు నిరోధం దాదాపు లేకుండా పోయింది. తరువాతి నెలలలో మళ్ళీ చూశారు. నిరోధం మెల్లగా తగ్గలేదు. 4.2 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు 269 డిగ్రీల కింద, గోడ మీద నుంచి దూకినట్లు ఒక్కసారిగా పడిపోయింది. ఎవరి ఊహకూ అందనిది ఇది. ఇదే అతివాహకత. పత్రాలలో రచయిత పేరు ఒన్నెస్ ఒక్కడిదే. కొలిచిన హోల్స్ట్‌కు కృతజ్ఞత మాత్రం చెప్పాడు. ఆనాటి ఆచారం అది. ఇప్పుడు చదివితే మనసుకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

1912 చివరికి సీసం, తగరం కూడా అతివాహకాలు అవుతాయని తేలింది. ఒన్నెస్‌లో ఒక పెద్ద ఆశ పుట్టింది. బలమైన విద్యుదయస్కాంతం కావాలంటే తీగచుట్టలో ఎక్కువ కరెంటు పంపాలి. రాగి తీగ అయితే మండిపోయేంత వేడెక్కుతుంది. లక్ష గాస్‌ల అయస్కాంతాన్ని రాగితో చేసి ద్రవవాయువుతో చల్లబరచాలంటే ఒక యుద్ధనౌక ఖర్చు అవుతుందని ఆనాటి లెక్క. నిరోధమే లేని సీసపు తీగ అయితే? 1913లో అమెరికాలోని షికాగోలో జరిగిన సమావేశంలో ఆయన ఈ ఆలోచనను ప్రపంచం ముందు పెట్టాడు. ఆ డిసెంబరులోనే ద్రవ హీలియంకు దారితీసిన శీతల పరిశోధనలకు నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

మరుసటి ఏడాది ప్రారంభంలో ఆశ కూలింది. అయస్కాంతబలం 600 గాస్‌ల దగ్గరకు వచ్చేసరికి సీసం అతివాహకగుణాన్ని పోగొట్టుకొన్నది. లక్ష ఎక్కడ, ఆరువందలు ఎక్కడ! చుట్ట తాను పుట్టించిన అయస్కాంతానికే తాను లొంగిపోతున్నది.

ఒన్నెస్ మరొక ప్రయోగం చేశాడు. 1914లో సీసపు తీగచుట్ట రెండు కొసలనూ కలిపి అతికించాడు. బయటి నుంచి తీగ లేదు, బ్యాటరీ లేదు. పక్కన పెద్ద అయస్కాంతం ఉండగా చుట్టను ద్రవ హీలియంలో ముంచి, తరువాత అయస్కాంతబలాన్ని తొలగించాడు. చుట్టలో కరెంటు పుట్టింది. పాత్ర పక్కన పెట్టిన దిక్సూచి ముల్లు ఉత్తరం వైపు కాక చుట్ట వైపు తిరిగి నిలిచింది. గంటలు గడిచినా కదలలేదు. చివరకు తీగను కోసేశాక ముల్లు తన చోటికి వచ్చింది.

కొసలు ఎందుకు అతికించవలసివచ్చిందో ఆలోచించండి. బయటి నుంచి కరెంటు ఇవ్వాలంటే ఒక లోహపు కడ్డీ గది వేడిలో మొదలై హీలియం చలిలో దిగాలి. వీటిని ఇంజనీర్లు కరెంటు లీడ్లు అంటారు. పొయ్యి మీది పులుసులో ఇనుప గరిటె వదిలేస్తే దాని పిడి కాలుతుంది. ఇక్కడ కూడా అంతే. కడ్డీ గుండా వేడి కిందికి జారుతుంది. వేడి రాకుండా కడ్డీని సన్నగా చేస్తే నిరోధం పెరిగి, కరెంటు వల్ల అదే వేడెక్కుతుంది. నిరోధం తగ్గించడానికి లావుగా చేస్తే బయటి వేడి ఎక్కువగా దిగుతుంది. లోహంలో కరెంటును మోసే ఎలక్ట్రాన్లే వేడిని కూడా మోస్తాయి. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని వీడెమన్, ఫ్రాంజ్ అనే శాస్త్రజ్ఞులు 1853లో, ఒన్నెస్ పుట్టిన ఏడాదే, కనుగొన్నారు. కరెంటుకు తలుపు తీస్తే వేడి కూడా దానిలో నుంచే వస్తుంది. పైకి లేచే హీలియం ఆవిరితో కడ్డీని ఎంత నేర్పుగా చల్లబరిచినా, వెయ్యి ఆంపియర్లకు ఒక వాటు చొప్పున వేడి దిగక తప్పదు. ఒక వాటు వేడికి గంటకు లీటరుకు పైగా ద్రవ హీలియం ఆవిరైపోతుంది. 13,000 ఆంపియర్ల లీడు ఒక్కటి ఉంటే, 1908లో ఒన్నెస్ రోజంతా కష్టపడి సాధించిన హీలియం పన్నెండు సెకన్లలో హరించుకుపోతుంది!

1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. హాలెండు యుద్ధంలో లేకపోయినా హీలియం దొరకడం కష్టమైంది. ఆహారం లేక బక్కచిక్కిన పిల్లల పోషణకు ఒన్నెస్ ఆ రోజులలో ఎంతో పాటుపడ్డాడు. 1923లో పదవీవిరమణ చేశాడు. హీలియంను గడ్డకట్టించాలన్న కోరిక తీరకుండానే 1926 ఫిబ్రవరి 21న కన్నుమూశాడు. ఆ వేసవిలోనే ఆయన శిష్యుడు కీసమ్ దానిని గడ్డకట్టించాడు. అంత్యక్రియల గురించి లైడెన్‌లో ఒక కథ చెప్పుకొనేవారు. శవవాహనం ఆలస్యంగా బయలుదేరి వేగంగా పోతుంటే, నల్లకోట్లు వేసుకొన్న పనివాళ్ళు చెమటలు కక్కుతూ వెంట పరుగెత్తారట. పోయిన తరువాత కూడా ముసలాయన తమను పరుగులు పెట్టించడం మానలేదని వాళ్ళలో ఒకడు నిట్టూర్చాడట.

ఆయన కలగన్న అయస్కాంతానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. బలమైన అయస్కాంతక్షేత్రంలో కూడా లొంగని నియోబియం-తగరం మిశ్రమం 1961లో ఆ మార్గం చూపింది. పెద్ద ఆసుపత్రులలో శరీరం లోపలి చిత్రాలు తీసే ఎమ్మారై యంత్రంలో ఉన్నది ఇటువంటి చుట్టే. దానిలో ఒకసారి కరెంటు నింపి, చుట్టను తనలో తనకే కలిపివేస్తారు. చాలా యంత్రాలలో ఆపైన లీడ్లను ఊడదీసేస్తారు కూడా. 1914 నాటి ఉపాయమే ఇది.

అన్నిచోట్లా అలా కుదరదు. స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దులో భూమి అడుగున 27 కిలోమీటర్ల సొరంగంలో సెర్న్ సంస్థ కట్టిన కణత్వరణ యంత్రం 2008లో మొదలైంది. కణాల వేగంతోపాటు అయస్కాంతాల కరెంటును కూడా పెంచాలి, దించాలి. లీడ్లను ఊడదీయడానికి వీలులేదు. అన్నీ కలిపి దాదాపు 30 లక్షల ఆంపియర్లు చలిలోకి దిగాలి.

పరిష్కారం మళ్ళీ అతివాహకతలోనే దొరికింది. 1986లో స్విట్జర్లాండులో బెడ్నోర్జ్, ముల్లర్ ఒక కొత్తరకం అతివాహకాన్ని కనుగొన్నారు. అది లోహం కాదు, పింగాణీ జాతి పదార్థం. ఆ కుటుంబంలో కొన్ని ద్రవవాయువు చలికే నిరోధాన్ని వదిలేస్తాయి. పైగా పింగాణీ వేడిని సరిగా మోయదు. అంటే కరెంటుకు దారి ఇచ్చి వేడికి ఇవ్వని పదార్థం ఇది. సెర్న్ లీడ్లలో పైభాగం మామూలు లోహం. దానిని చల్లని హీలియం వాయువుతో 50 కెల్విన్ల వరకు దించుతారు. అక్కడ నుంచి కిందికి బిస్మతుతో కూడిన ఆ పింగాణీ పట్టీలు ఉంటాయి. పెళుసైన ఆ పదార్థాన్ని వెండి తొడుగులో పెడతారు. వెండి వేడిని బాగా మోస్తుంది కనుక దానిలో కొద్దిగా బంగారం కలిపారు. బంగారం కలిస్తే వేడి నడక మందగిస్తుంది. ఒన్నెస్ ప్రయోగాలలో బంగారు తీగకు అడ్డుపడిన కల్మషం ఇక్కడ కావాలని కలిపినది! ఒకవేళ పట్టీ వేడెక్కి గుణం పోగొట్టుకొంటే, కరెంటును దించేలోగా కొద్ది క్షణాలు దానిని మోసేది కూడా ఆ వెండి తొడుగే. ఇటువంటి లీడ్లు 1,182 అమర్చారు. ఇవి 600 ఆంపియర్ల నుంచి 13,000 ఆంపియర్ల దాకా మోస్తాయి. అట్టడుగు చలిలోకి చేరే వేడి మామూలు లీడ్లతో పోలిస్తే దాదాపు పదోవంతుకు తగ్గింది.

ఆ యంత్రంలోని ముఖ్య అయస్కాంతాల బలం 83,000 గాస్‌లు దాటుతుంది. ఒన్నెస్ షికాగోలో చెప్పిన లక్షకు ఇంకా కొంచెం తక్కువే. లైడెన్‌లో ఆయన ప్రయోగశాల భవనంలోకి 2004లో న్యాయశాస్త్ర విభాగం వచ్చి చేరింది. 1908 నాటి పరికరాన్ని మాత్రం అదే ఊళ్ళోని బూర్హావే ప్రదర్శనశాలలో భద్రపరిచారు.